అమ్మమ్మ పొట్టలో ఏముంది?

బుజ్జీ, చిన్నీ,

మొన్న ఫోన్లో చిన్ని "అమ్మమ్మకి స్కానింగ్ తీశారట, పొట్టలో పాప ఉందా తాతయ్యా?" అని అడిగితే మీ అమ్మమ్మ నవ్వలేక చచ్చింది. 64 ఏళ్ళ మనిషి! పాప లేదర్రా. మీ అమ్మా మామయ్యా ఒకప్పుడున్న గర్భసంచి ఉందిగా, అది కాస్త కిందికి జారింది.

మా చిన్నప్పుడు వంటింటి దూలానికి ఉట్టి వేలాడేది. అందులో పెరుగుకుండ. బరువెక్కువని మా అమ్మ దాని అడుగు ఆనేలా ఓ ఎత్తుపీట వేసేది. నేనేమో జామకాయల కోసం ఆ పీట పట్టుకెళ్ళి పెరట్లోనే వదిలేసేవాణ్ణి. బరువంతా తాళ్ళ మీద పడి, నాలుగు నెలలకి కుండ జానెడు దిగింది. మీగడ పిల్లికి అందింది. తన్నులూ పిల్లికే పడ్డాయి. ఇన్నేళ్ళకి మీకే చెబుతున్నా.

ఆడవాళ్ళ ఒంట్లోనూ ఇదే ఏర్పాటు. గర్భసంచి మెడని వెనక నడుం కింది ఎముకకీ, పక్కలకీ పట్టి ఉంచే తాళ్ళున్నాయి, లిగమెంట్లంటారు. పీటలాగా కింద ఓ కండరం. కాన్పులో బిడ్డ తల వచ్చేటప్పుడు ఆ కండరం విపరీతంగా సాగుతుంది, కొందరికి ఎముక దగ్గర ఊడిపోతుంది కూడా. ఇక భారమంతా తాళ్ళదే. ఏళ్ళ తరబడి సాగుతాయి.

మా నాయనమ్మకీ ఇదే ఉండేదట. నాట్లు వేస్తూ, బిందెలు మోస్తూ, ఎవరికీ చెప్పుకోకుండానే పోయింది. కాలు విరిగితే ఊరంతా చెబుతాం, దీనికెందుకర్రా సిగ్గు?

ఎక్స్‌రేలో ఎముకలు తెలుస్తాయి గాని ఈ తాళ్ళు తెలియవు. అందుకని స్కానింగులో శబ్దం పంపుతారు. సంతలో కుండని వేలితో కొట్టి వింటాం చూడండి, అలాంటిదే. సెకనుకి 20,000 కంపనాలు దాటితే మన చెవికి అందదు, ఈ యంత్రానివి లక్షల్లో ఉంటాయి. ఆ శబ్దం ఒంట్లో సెకనుకి సుమారు 1,540 మీటర్లు పోయి, తగిలినచోటల్లా కొంత వెనక్కొస్తుంది. వచ్చిన వేళని బట్టి లోతు. గ్లాస్గోలో ఇయాన్ డోనల్డ్ అనే డాక్టరు 1950ల్లో, ఇనుములో పగుళ్ళు వెతికే యంత్రంతో కడుపులో గడ్డల్ని చూడటం మొదలెట్టాడు. 1958లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో అచ్చయింది. కుండ కొట్టి చూసే బుద్ధే!

నేను బయట కూర్చుని 'లింగ నిర్ధారణ చేయబడదు' బోర్డు చదువుతున్నా. లోపలి సంగతి అమ్మమ్మే చెప్పింది. డాక్టరమ్మ "దగ్గండమ్మా, ఇప్పుడు ముక్కండి" అందట. కదలని ఉట్టిలో ఏ తాడు వదులో ఎలా తెలుస్తుంది? బరువు పడాలి. ముక్కినప్పుడు ముందువైపు ఎముక అంచు నుంచి గర్భసంచి మెడ ఎంత దిగిందో తెర మీదే మిల్లీమీటర్లలో కొలిచిందట. కండరం బాగానే కనిపిస్తుంది, సన్నటి తాళ్ళే చుట్టూ ఉన్నవాటిలో కలిసిపోయి దొరకవు. అందుకే పరిశోధకులు ఎలాస్టోగ్రఫీ అని, శబ్దంతోనే బిగువు కొలిచే పద్ధతినీ ప్రయత్నిస్తున్నారు.

అమ్మమ్మకి ప్రస్తుతం గర్భసంచి జారకుండా లోపల ఆసరాగా ఓ రింగు పెట్టారు, వ్యాయామాలు చెప్పారు. నీళ్ళ బిందె ఇప్పుడు నాది.

ఆ పాత ఉట్టి అటక మీదే ఉంది. సెలవులకి వచ్చాక దించుతాను. కొబ్బరికాయ పెట్టి ఊపి, ఏ తాడు వదులో చెప్పండి చూద్దాం.

మీ తాతయ్య