హాస్పిస్‌లో పని: నన్ను అడిగేవాళ్ల అపోహలు, ఇక్కడి వాస్తవాలు

బ్యాంకు ఉద్యోగం మానేసి హాస్పిస్‌లో, అంటే నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించి చూసుకునే చోట చేరానని తెలిసినప్పటి నుంచి, ఉద్యోగం మీద విసుగు పుట్టిన నడివయసు వాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. పేషెంట్ల ఇంటివాళ్లకు సాయంగా ఉండటం నా పని. వైద్యం నాది కాదు. ఫోన్ చేసేవాళ్ల మాటల్లో తరచూ వినపడే అపోహలు ఇవి.

అపోహ: హాస్పిస్ అంటే చావు కోసం ఎదురుచూసే చోటు.

ఎదురుచూసే తీరిక ఇక్కడ ఎవరికీ ఉండదు. నొప్పి పదికి ఎంతుంది, రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం అయిందా, నోటిపూత తగ్గిందా... పొద్దున్నే నర్సు అడిగేవి ఇవి. కదల్లేనివాళ్లని వేళకి పక్కకి తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. నొప్పి, వాంతులు అదుపులోకి వచ్చాక ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద 2010లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) అందినవాళ్లు తక్కువ బాధతో, కొంచెం ఎక్కువ కాలమే బతికారు.

అపోహ: డాక్టర్లకీ నర్సులకీ తప్ప ఇక్కడ ఎవరికీ పనుండదు. పాత ఉద్యోగంలో నేర్చుకున్నది వృథా.

ఆధునిక హాస్పిస్‌కి పునాది వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు. నడుంనొప్పితో ఆ పని వదిలి ఆసుపత్రిలో రోగుల ఇంటి సమస్యలు చూసే ఉద్యోగంలో చేరారు. ఆ తర్వాత మెడిసిన్ చదివి 1957లో డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఒంటి నొప్పితో పాటు మనసు బాధ, ఇంటి దిగులు, డబ్బు టెన్షన్ కూడా నొప్పిలో భాగమేనని ఆవిడ చెప్పింది ఊరికే కాదు.

నొప్పి కాస్త నెమ్మదించగానే ఇంటిపెద్దకి మొదట గుర్తొచ్చేది చాలాసార్లు డబ్బే. ఖాతాలో నామినీగా ఎప్పుడో పోయిన తల్లి పేరు ఉంటుంది. ఖాతా ఏ బ్రాంచిలో ఉందో భార్యకి తెలియదు. నవంబరు వస్తే పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆయన మంచం దిగలేడు. డెబ్బై దాటినవాళ్లకీ నడవలేనివాళ్లకీ ఇంటికే వెళ్లి సేవలు అందించమని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకి చెప్పింది. సంతకం చెయ్యలేకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర చెల్లుతుంది, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇవన్నీ నాకు కౌంటర్ వెనక కూర్చున్నప్పుడే తెలుసు. అప్పుడవి రూల్స్ మాత్రమే. ఇప్పుడు ఒక కాగితం పూర్తయితే ఆ రాత్రి ఒకాయన నిద్రపోతాడు. మీరు డ్రైవరైనా, వంట మాస్టరైనా, స్కూలు టీచరైనా ఇలాంటిదేదో మీ దగ్గరా ఉంటుంది.

అపోహ: మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక అయిపోయినట్టే.

ఇంటివాళ్లకే కాదు, కొత్తగా చేరే వలంటీర్లకీ ఈ భయమే. మార్ఫిన్ ఇచ్చేది నొప్పి తీవ్రతను బట్టి, మిగిలిన రోజులు లెక్కపెట్టి కాదు. డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి వేళకి పడాలి, నొప్పి వచ్చాక వేసుకుందాంలే అనుకుంటే కుదరదు. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి దానికీ మందు కలిపే రాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందు దొరకడమే గగనంగా ఉండేది, 2014 సవరణతో నిబంధనలు సడలాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగమే ఉంది. డోసు గురించి మనం నోరు మెదపకూడదు. వేళకి వేశారా అని మాత్రం అడగాలి.

అపోహ: తిండి మానేయడం వల్లే మనిషి పోతున్నాడు.

జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. చివరి రోజుల్లో శరీరం ముగింపుకి వస్తుంది కాబట్టి ఆకలి పోతుంది. "రెండు ముద్దలు తిను నాన్నా" అని బలవంతంగా పెడితే పొలమారుతుంది, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కానీ పెట్టకుండా ఉండమంటే మన ఇళ్లలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే కూతురి చేతికి తడి దూది ఇచ్చి పెదాలు తడపమంటాం. ఊరికే చెయ్యి కట్టుకుని నిలబడమంటే ఎవరూ నిలబడలేరు.

అపోహ: ఓదార్పు మాటలు బాగా చెప్పగలగాలి.

"ఏం కాదు, తగ్గిపోతుంది" అనే అలవాటు మానుకోగలిగితే చాలు. "ఆయనకి చెప్పొద్దండీ" అని ఇంటివాళ్లు వరండాలో బతిమాలతారు. లోపల ఆయనకి చాలాసార్లు ముందే తెలిసి ఉంటుంది, వీళ్లు తట్టుకోలేరని ఆయనా దాస్తుంటాడు.

అపోహ: ఇదంతా ఉచిత సేవ. లేదా, చేరిన రోజు నుంచే జీవితానికి అర్థం దొరుకుతుంది.

జీతాలున్నాయి, తక్కువే. ఇంటి లోను ఉంటే ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకోండి. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే వెంటనే రావద్దంటాను. ఏడాది ఆగమని చెప్పే హాస్పిస్‌లు చాలా ఉన్నాయి, అది నిరాకరణ అనుకోవద్దు. తిరువనంతపురంలోని పాలియం ఇండియా లాంటి సంస్థలు వలంటీర్లకి శిక్షణ ఇస్తాయి. రాజీనామా రాసే ముందు కొన్నాళ్లు శనివారాలు వచ్చి చూడండి. మొదట ఇచ్చేవి మందుల డబ్బా సర్దడం, ఫైలు జిరాక్స్ తీయించడం, పక్కన ఉండే మనిషి టీ తాగి వచ్చేదాకా కూర్చోవడం లాంటి పనులే.