నల్లచందువ చందువేనా?

చేపల బజారులో తెల్లచందువకు ఒక ధర, నల్లచందువకు అంతకంటే తక్కువ ధర చెబుతారు. వంకాయల్లో తెల్లవీ నల్లవీ ఉన్నట్టు ఇవీ ఒకే చేపలో రెండు రంగులని కొనేవారిలో చాలామంది అనుకుంటారు. నిజానికి వీటి మధ్య చుట్టరికం చాలా దూరం.

తెల్లచందువది పాంపస్ ప్రజాతి. వెడల్పయిన పలచటి ఒళ్లు, చిన్న నోరు, చేయి తగిలితే రాలిపోయే సన్నటి పొలుసులు. చాలా చేపలకు పొట్ట కింద ఉండే జత రెక్కలు దీనికి లేవు. అసలు విశేషం గొంతులో ఉంది. మొప్పల వెనక, పళ్లవంటి మొనలతో నిండిన రెండు సంచులుంటాయి. నీటిలో తేలే చిరుజీవులను, జెల్లీచేపల వంటి మెత్తటి ప్రాణులను అక్కడే నలగ్గొట్టి మింగుతుంది. ఈ వంశాన్ని గుర్తుపట్టేది ఆ సంచులతోనే.

నల్లచందువకు అవి లేవు. దాని తోక మొదట్లో, ఒంటి పక్కన సాగే గీత మీద గట్టి పొలుసులు వరుసగా ఉంటాయి. తోకవైపు నుంచి తలవైపు వేలితో నిమిరితే గరుకుగా తగులుతాయి. ఇది పార అనే వేరే సముద్రపు చేపల వంశం లక్షణం. అంటే వంశం లెక్కన నల్లచందువ ఒక పార!

పోలిక చూసి మోసపోయింది బజారు ఒక్కటే కాదు. 1795లో జర్మన్ శాస్త్రవేత్త బ్లోఖ్ దీన్ని తెల్లచందువ బంధువుగానే లెక్కించి స్ట్రొమాటియస్ నైగర్ అని పేరు పెట్టాడు. తప్పు పట్టలేం. నల్లచందువకు పిల్లప్రాయంలో పొట్ట కింద రెక్కలుంటాయి, పెద్దయ్యేసరికి అవి కనబడవు. తర్వాతివారు కొంతకాలం దీనికి విడిగా ఒక కుటుంబాన్నే కేటాయించారు. చివరికి పారల కుటుంబంలో చేర్చి, పారాస్ట్రొమాటియస్ నైగర్ అన్న పేరును ఖాయం చేశారు.

జాలరి పెట్టిన పేరు వంశవృక్షం కోసం కాదు. ఆకారాన్ని పట్టి పేరు పెట్టి, రంగుతో విడదీశాడు. వల దగ్గర, వంటింట్లో ఆ వివరం చాలు. తమిళులదీ ఇదే పద్ధతి, కాకపోతే వారికి ఈ ఆకారంలో గబ్బిలం కనిపించింది. రెండు చేపలనూ వవ్వాల్ అంటారు, తెలుపు నలుపు చేర్చి. మరాఠీవారు మాత్రం తెల్లదాన్ని పాపలేట్ అని, నల్లదాన్ని హల్వా అని పూర్తిగా విడదీశారు. ఈ విషయంలో వారి భాషే జీవశాస్త్రానికి దగ్గరగా ఉంది.

తెలుగు పేర్లు శాస్త్రగ్రంథాలకెక్కిన కథ కూడా ఉంది. రక్తపింజరికి ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆ పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వెలువరించాడు. అందులో చేపలను ఇక్కడివారు పిలిచే పేర్లతోనే చూపాడు. నల్ల సందవ, తెల్ల సందవ అందులో ఉన్నాయి. ఆయన రాసుకున్న ‘మూకలీ పార’ నుంచే 1832లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే మరో చేపకు ట్రాకినోటస్ మూకలీ అని పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ చెల్లుతోంది. తెల్లచందువను ఎంతోకాలం పాంపస్ అర్జెంటియస్ అన్నారు, అంటే వెండిది. మన తీరంలో దొరికేది పాంపస్ కాండిడస్ అనే వేరే జాతి అన్న అభిప్రాయం ఈమధ్య బలపడింది. లాటిన్‌లో కాండిడస్ అంటే తెల్లనిది. వైజాగు జాలరి ఎప్పుడో అన్నమాటే!

ఈ పేరు వల్ల కొనేవారికి నష్టం జరిగేది చెరువు చేప దగ్గర. ఆంధ్రలో విరివిగా పెంచే రూప్‌చంద్ కూడా వెడల్పుగా, పలచగా ఉంటుంది కనుక, కొన్నిచోట్ల దానికీ చందువ పేరు తగిలిస్తారు. అది దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల చేప, పిరానాలకు దాయాది. తినడానికి బాగానే ఉంటుంది కానీ, దానికి సముద్రపు చందువ ధర పెట్టనక్కరలేదు. కొనేముందు తిప్పి చూడండి: పొట్ట కింద జత రెక్కలు, వీపు రెక్కకూ తోకకూ నడుమ చిన్న కండ రెక్క, నోట్లో మనిషి పళ్లను పోలిన పళ్లు ఉంటే అది రూప్‌చందే.