బండి ఆపితేనే దొరికే గాలి లీకు

పొదిలి నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "నాది టర్బో డీజిల్ పికప్. సరుకుతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు లాగడం లేదు, నల్ల పొగ కక్కుతోంది. ఊళ్లో ఖాళీగా తిప్పితే మాత్రం ఏ తేడా లేదు. మెకానిక్ టర్బో పోయింది, మార్చాలి అంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు ఇంట్లో చూసుకోదగ్గది ఏమైనా ఉందా?"

ఉంది. సగం జవాబు ఆయన ప్రశ్నలోనే ఉంది. ఖాళీగా బాగుంది, ఎత్తులో బాగాలేదు అన్నారు కదా, అక్కడే పట్టుకోవాలి.

టర్బో గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఇంజన్ వదిలే పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ మూల సూత్రం ఇదే. నొక్కిన గాలి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా, రబ్బరు గొట్టాల గుండా సిలిండర్లకు చేరాలి. ఈ దారిలో ఎక్కడైనా చిన్న చీలిక ఉంటే?

బండి నిలబడి ఊరికే ఆడుతున్నప్పుడు ఆ గొట్టాల్లో అదనపు పీడనం దాదాపు ఉండదు. చీలిక అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కి పట్టినప్పుడు లోపలి గాలి బయటి గాలి కంటే రెట్టింపు పీడనానికి చేరుతుంది, గొట్టం ఉబ్బుతుంది, చీలిక నోరు తెరుస్తుంది. బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ మూసుకుంటుంది. అందుకే ఎంత మంచి మెకానిక్ అయినా టార్చి వేసి చూస్తే దొరకదు. ఇంజన్ ఆడించి చెవి పెడదామన్నా ఆ మోతలో బుస వినపడదు.

నల్ల పొగ ఎందుకంటే, చాలా బండ్లలో గాలిని కొలిచే సెన్సర్ టర్బోకు ముందు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఉంటుంది. అది లెక్కపెట్టిన గాలి మధ్య దారిలో బయటికి పోయినా కంప్యూటర్‌కు తెలియదు, పాత లెక్క ప్రకారమే డీజిల్ పోస్తుంది. గాలి చాలని డీజిల్ మసి అవుతుంది. ఇంజన్ దగ్గరి పీడనాన్ని చూసే సెన్సర్‌ను బట్టి నడిచే బండి డీజిల్ తగ్గించేస్తుంది. అప్పుడు పొగ పెద్దగా రాదు, పికప్ మాత్రం పోతుంది.

పోయే గాలి ఎంత? గొట్టంలో 1 బార్ (దాదాపు బయటి గాలి పీడనమంత) అదనపు పీడనం ఉంటే గాలి రంధ్రం నుంచి ధ్వని వేగంతో దూసుకొస్తుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి సెకనుకు సుమారు రెండున్నర గ్రాములు పోతుంది. రెండున్నర లీటర్ల ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర, అదే పీడనంలో, సెకనుకు 80 గ్రాముల దాకా మింగుతుంది. అంటే నష్టం నూటికి మూడు వంతులు. ఆ మాత్రం దానికి బండి ఆగదు, టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి సర్దుకుంటుంది. లక్షకు పైగా ఆర్‌పీఎంతో తిరిగే చక్రానికి ఆ అదనపు తిరుగుడు మంచిది కాదు. లీకును అలాగే వదిలేస్తే మంచి టర్బో కూడా త్వరగా అరిగిపోవచ్చు.

కాబట్టి ఇంజన్ ఆపేసి, పీడనాన్ని మనమే తయారు చేయాలి. ఆపైన లీకు ఎక్కడుందో సబ్బు నీళ్లు చూపిస్తాయి.

పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, ఇదీ ఆ పద్ధతే. కాకపోతే తొట్టి కంటే సబ్బు పొర చాలా సున్నితం. తొట్టిలో అర అడుగు లోతున ఉన్న రంధ్రం నుంచి గాలి రావాలంటే పైనున్న నీటి బరువునే 1500 పాస్కల్ పీడనంతో తోసుకు రావాలి. సబ్బు బుడగకు ఎంత కావాలి? ఇంటర్ ఫిజిక్స్‌లో తలతన్యత (ద్రవం పై పొరలో ఉండే బిగువు) పాఠంలో ఒక సూత్రం ఉంది: బుడగ లోపలి అదనపు పీడనం 4T/r. ఇందులో T తలతన్యత, r బుడగ వ్యాసార్థం. మన పిల్లలు దీన్ని ఎంట్రన్సు కోసం కంఠస్థం పట్టి, పరీక్ష అయ్యాక వదిలేస్తారు. దీంతో ఒక లీకు పట్టవచ్చని క్లాసులో ఒక్కసారి చూపిస్తే జన్మలో మరిచిపోరు. సబ్బు నీటి తలతన్యత మీటరుకు సుమారు 0.03 న్యూటన్లు. బుడగ వ్యాసార్థం 1 మిల్లీమీటరు అనుకుంటే లెక్క 120 పాస్కల్ దగ్గర తేలుతుంది. మనం ఎక్కించబోయే 10 పీఎస్‌ఐ గాలి 69,000 పాస్కల్. ఆ పీడనంలో అయిదు వందల వంతు కూడా అక్కర్లేదు, బుడగ లేచి కూర్చుంటుంది.

ఉత్త నీళ్లు పూస్తే ఈ పని ఎందుకు జరగదు? నీటి తలతన్యత 0.072, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. అయితే అసలు కారణం అది కాదు. ఉత్త నీటి పొర ఎక్కడైనా పలచబడితే దాన్ని సరిచేసేది ఏదీ ఉండదు, అక్కడే చిరుగుతుంది. సబ్బు పొర సాగి పలచబడిన చోట సబ్బు అణువులు దూరదూరమవుతాయి, ఆ ఒక్క చోట తలతన్యత పెరుగుతుంది. పెరిగిన చోటు చుట్టుపక్కల పొరను తన వైపు లాక్కుంటుంది, ఆ లాగుడుతో పాటు నీళ్లూ వచ్చి చేరతాయి. పలచబడ్డ చోటు తనంతట తానే మందమవుతుంది. ఇటలీ శాస్త్రవేత్త మరాంగోని పేరుతో పిలిచే ప్రభావం ఇది. తన చిరుగును తానే కుట్టుకునే పొర! నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మన ప్రాంతానికి ఒక హెచ్చరిక. కనిగిరి, పొదిలి వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు కఠినం. అందులోని కాల్షియం బట్టల సబ్బుతో కలిసి తెల్లటి గసిగా విరిగిపోతుంది, పొర కట్టదు. గిన్నెలు తోమే లిక్విడ్ గానీ షాంపూ గానీ వాడండి, నీళ్లు క్యాన్‌వి తీసుకోండి. నురగ రాకుండా మెల్లగా కలపండి, ముందే ఉన్న నురగ మనల్ని మోసం చేస్తుంది. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు చేయండి. ఎండెక్కాక పొర నిమిషంలో ఆరిపోతుంది.

పైపుల దుకాణంలో టర్బో నోటికి సరిపోయే పీవీసీ మూత కొని, దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే గొట్టం విప్పి, సరిగ్గా టర్బో నోటి దగ్గరే రబ్బరు గొట్టం ముక్కతో, క్లిప్పులతో ఈ మూత పెట్టాలి. ఇంకా ముందు పెడితే ఇంజన్ ఊపిరి గొట్టం గుండా గాలి ఆయిల్ ఉండే భాగంలోకి పోయి ఆయిల్ సీళ్లను తోసేస్తుంది. ఎందుకైనా మంచిది, ఆయిల్ పోసే మూత తీసి ఉంచండి. ఇక కారు టైర్లకు వాడే చిన్న కంప్రెసర్‌తో మెల్లగా 10 పీఎస్‌ఐ ఎక్కించండి, 15 దాటొద్దు. రెండంగుళాల నోటి మీద 10 పీఎస్‌ఐ అంటే మూతను 14 కిలోల బలం బయటికి నెడుతున్నట్టు. క్లిప్పు జారితే మూత తూటాలా వస్తుంది. ఎదురుగా నిలబడకండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

గాలి అసలు నిలవకపోతే ఏదో సిలిండర్‌లో వాల్వులు తెరిచి ఉండవచ్చు. గాలి వదిలేసి, టాప్ గేరులో బండిని కొద్దిగా ముందుకు నెట్టి మళ్లీ చూడండి. ఆయిల్ మూత దగ్గర సన్నటి బుస వస్తే కంగారు పడొద్దు, పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి ఎప్పుడూ పోతుంది.

ఇప్పుడు బ్రష్షుతో సబ్బు నీళ్లు పూయండి. ప్రతి క్లిప్పు కింద, గొట్టం వంపుల అడుగున, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ అంచు అల్యూమినియంతో కలిసే చోట. ముందుగా చూడాల్సింది నల్లగా, జిడ్డుగా దుమ్ము పట్టిన చోటు. గాలితో పాటు వచ్చే ఆయిల్ తుంపర అక్కడ తడి చేస్తుంది, చీమకుర్తి రోడ్డు గ్రానైటు దుమ్ము దాని మీద వలయంలా అంటుకుంటుంది. సన్న లీకు దగ్గర తెల్లటి నురగ మెల్లగా పుట్టగొడుగులా పైకి లేస్తుంది. పెద్ద చీలిక దగ్గర అసలు బుడగే రాదు, గాలి సబ్బు నీళ్లను ఊదేస్తుంది. అక్కడ చెవే సాధనం.

బండి లాగకపోతే దిష్టి తగిలిందని పొదలకూరు నిమ్మకాయలు తెచ్చి బంపరుకు కట్టేవాళ్లు ఉన్నారు. సరుకుతో ఘాట్‌లో చిక్కుకున్న మనిషి టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ కాయలు కట్టి ఊళ్లో ఖాళీగా ఒక చుట్టు తిప్పి, దిష్టి పోయిందనుకుంటారు. ఖాళీగా ఆ బండి అంతకు ముందూ బాగానే నడిచింది. పరీక్ష అంటే లోపం బయటపడే పరిస్థితిని కల్పించడం.

పీడనం నిలవకపోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో శ్రీహరికోటలో చూశాం. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ ఎఫ్10 రాకెట్‌లో, అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజనిక్ దశ పనిచేయలేదు. హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందనీ, వెంట్ వాల్వు లీకు అందుకు కారణమై ఉండవచ్చనీ విచారణ కమిటీ తేల్చింది.

పొదిలి పాఠకుడికి చివరిగా ఒక మాట. లీకు దొరికితే టేపు చుట్టకండి, ఆయిల్ తాగి మెత్తబడిన రబ్బరు మీద అది నిలవదు. గొట్టం మార్చి, మళ్లీ గాలి ఎక్కించి చూడండి. ఎక్కడా బుడగ రాకపోతే టర్బో ఇరుసు వదులై ఊగుతోందేమో, ఆ తర్వాత టర్బోను అదుపు చేసే సన్న వాక్యూమ్ గొట్టం చూడాలి. ఆ గొట్టానికి సబ్బు నీళ్లు పనికిరావు. అక్కడ గాలి లోపలికి పీల్చుకుంటుంది, బుడగ రాదు. దానికి గేజి ఉన్న చేతి వాక్యూమ్ పంపు తగిలించి, ముల్లు నిలుస్తుందో లేదో చూడాలి.