ఇంగ్లిష్ నామవాచకాలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లిష్ చెప్పే వృత్తిలో ఉన్న నాకు తరచూ వినబడే మాటలివి. కొన్నింటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కుదరదు.

అపోహ: చిన్న మాటలు ఎలాగూ వచ్చు, కష్టమైనవి బట్టీపడితే చాలు.

ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే నామవాచకమేదని 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు లెక్కతీస్తే మొదట నిలిచింది ‘టైమ్’. ఆ తర్వాత ‘పర్సన్’, ‘ఇయర్’. టైమ్ అంటే సమయం అని రాసుకుని పేజీ తిప్పేస్తాం. ‘ఐ కాల్డ్ హిమ్ త్రీ టైమ్స్’లో అది ‘సార్లు’. ‘త్రీ టైమ్స్ యాజ్ బిగ్’లో ‘రెట్లు’. ‘వి హ్యాడ్ ఎ గుడ్ టైమ్’ అంటే సరదాగా గడిచిందని. ఇక రైలు ‘ఆన్ టైమ్’ వస్తుంది, అంటే చెప్పిన వేళకి. మనం స్టేషన్‌కి ‘ఇన్ టైమ్’ చేరతాం, అంటే అది కదిలేలోపు.

అపోహ: అర్థం తెలిస్తే వాడుక అదే వస్తుంది.

నా లెక్కలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. తెలుగులో నీళ్లు ‘వచ్చాయి’, పాలు ‘విరిగాయి’. ఇంగ్లిష్‌లో వాటర్, మిల్క్ లెక్కకు రాని పదార్థాలు, క్రియ ఏకవచనం. కత్తెర, ప్యాంటు మనకు ఒక్కొక్కటే. సిజర్స్, ట్రౌజర్స్ మాత్రం బహువచనాలు: ‘ది సిజర్స్ ఆర్ ఆన్ ది టేబుల్’. సలహాలు మనం లెక్కపెడతాం కాబట్టి ‘యాన్ అడ్వైస్’ అనేస్తాం. ‘ఇన్‌ఫర్మేషన్స్’, ‘ఫర్నిచర్స్’, ‘లగేజెస్’, ‘ఎక్విప్‌మెంట్స్’ అన్నీ అలా పుట్టినవే.

‘పీస్ ఆఫ్ అడ్వైస్’ అనమని పుస్తకాలు చెబుతాయి. తప్పు లేదు, కానీ మాట్లాడేటప్పుడు అదెవరికి గుర్తొస్తుంది? లెక్కకొచ్చే జంట మాట పట్టుకోవడం సులువు: అడ్వైస్‌కి సజెషన్, లగేజ్‌కి బ్యాగ్, వర్క్‌కి జాబ్ లేదా టాస్క్.

అపోహ: లెక్కకు రాని మాటకు ‘ఎస్’ ఎప్పుడూ చేరదు.

చేరుతుంది, చేరితే అర్థం మారుతుంది. వర్క్ అంటే పని, రచయిత వర్క్స్ అంటే ఆయన రచనలు. గ్లాస్ గాజు కావచ్చు, నీళ్లు తాగే గ్లాసు కావచ్చు. గ్లాసెస్ కళ్లద్దాలూ కావచ్చు. ‘ఎక్స్‌పీరియన్స్’ దగ్గర మరీ జాగ్రత్త. ఉద్యోగంలో గడించినదైతే ‘ఎస్’ ఉండదు. ప్రయాణంలో ఎదురైన సంఘటనలైతే ఎక్స్‌పీరియన్సెస్. ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారైతే అనుభవం గురించి అడిగినవాళ్లకు కథలు చెప్పబోతున్నట్టు వినబడుతుంది.

అపోహ: చివర ‘ఎస్’ ఉంటే బహువచనమే.

‘ది న్యూస్ ఈజ్ గుడ్’. మ్యాథమెటిక్స్ కూడా అంతే. అటు ‘ఎస్’ లేని పీపుల్, పోలీస్‌లకు ‘ఆర్’ కావాలి.

అపోహ: ప్రతి తెలుగు మాటకూ ఇంగ్లిష్‌లో ఒక జోడీ ఉంటుంది.

పెదనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురూ ‘అంకుల్’ అనే ఒక్క మాటలో సర్దుకోవాలి. వాళ్ల పిల్లలు ఆడైనా మగైనా ‘కజిన్’. ‘కజిన్ బ్రదర్’ మన దగ్గర నడుస్తుంది గానీ, మిగతాచోట్ల ‘బ్రదర్’ అనవసరం.

అపోహ: ‘వన్’ ఉంది కాబట్టి ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’.

‘ఫ్రెండ్స్’ అనాలి. చాలామందిలో ఒకరు కదా. క్రియ మాత్రం ఆ ఒక్కరిదే: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కమింగ్’.