చిన్న విమానంలో అదనపు బరువు: అపోహలు - వాస్తవాలు

ఫ్లయింగ్ స్కూల్లో చేరే విద్యార్థులైనా, సరదాగా ఒక రౌండ్ తిప్పమని అడిగే చుట్టాలైనా, విమానం బరువు గురించి ఇంచుమించు ఒకే రకం మాటలు అంటారు. ఇన్‌స్ట్రక్టర్‌గా వాళ్లకు నేనిచ్చే జవాబులు ఇవి. మన స్కూళ్లలో ఎక్కువగా కనిపించే నాలుగు సీట్ల విమానం సెస్నా 172 లెక్కలే చెబుతాను.

అపోహ: నాలుగు సీట్లున్నాయంటే నలుగురు ఎక్కొచ్చు, ట్యాంకు నింపుకోవచ్చు, బ్యాగులూ పెట్టుకోవచ్చు.

వాస్తవం: మూడూ ఒకేసారి కుదరవు. 172ఎస్ మోడల్ గరిష్ఠ టేకాఫ్ బరువు 1,157 కిలోలు. లోపలి పరికరాలను బట్టి మారినా, ఖాళీ విమానమే 770 కిలోల దగ్గర తూగుతుంది. ట్యాంకులు నింపితే వాడుకోగల పెట్రోలు 200 లీటర్లు, అంటే 144 కిలోలు. ఇక మిగిలేది 240 కిలోల చిల్లర. పైలట్‌తో కలిపి 80 కిలోల మనుషులు ముగ్గురు, అదీ బ్యాగులు లేకుండా! నాలుగో మనిషి కావాలంటే పెట్రోలు తగ్గించాలి. ఆ సంగతి ట్యాంకర్ రాకముందే తేల్చుకోవాలి. నింపేశాక మళ్లీ తోడించడం ఎంత తలనొప్పో మెకానిక్‌లను అడగండి.

అపోహ: కంపెనీవాళ్లు ఎలాగూ మార్జిన్ పెడతారు. ఓ పది శాతం ఎక్కువైతే ఏమవుతుంది?

వాస్తవం: షేర్ ఆటోలు ఎక్కి పెరిగిన మనకు ఈ నమ్మకం సహజమే. మార్జిన్ ఉన్న మాట నిజం. కానీ అది గాలి కుదుపుల కోసం, పైలట్ చేతి పొరపాట్ల కోసం ఉంచింది. నార్మల్ కేటగిరీలో, అంటే మామూలు వాడకంలో, 172కి ఉన్న లిమిట్ 3.8 జి, అంటే విమానం బరువుకు 3.8 రెట్ల భారం. బరువు 10 శాతం పెరిగితే అవే రెక్కలు 3.45 జి దగ్గరే ఆ హద్దుకు చేరతాయి. స్టాల్ స్పీడు, అంటే అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, 5 శాతం దాకా పెరుగుతుంది. టేకాఫ్ దూరమైతే 20 శాతం పెరుగుతుందని బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ పైలట్లకు చెప్పే లెక్క.

అపోహ: గాల్లోకి లేచిందంటే గండం గడిచినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం వేసే మాట ఇదే. నేలకు బాగా దగ్గరగా ఎగిరేటప్పుడు రెక్కల మీద డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, తగ్గుతుంది. దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటాం. ఆ సాయంతో ఓవర్‌లోడ్ అయిన విమానం కూడా చక్రాలు లేపేస్తుంది. అది దాటి పైకెక్కడానికి మాత్రం ఇంజిన్‌లో సత్తా మిగలదు. ఎదురుగా చెట్లు, కరెంటు తీగలు. పైలట్ టెన్షన్‌లో ముక్కు ఇంకాస్త ఎత్తుతాడు, స్పీడు ఇంకాస్త పడిపోతుంది, విమానం స్టాల్ అవుతుంది.

దీనికి ఎండ తోడైతే చెప్పక్కర్లేదు. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే అక్కడి గాలి 5,400 అడుగుల ఎత్తులో ఉండేంత పలచగా ఉంటుంది. ఇంజిన్ పవరూ తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగే బలమూ తగ్గుతుంది. జనవరి ఉదయం హాయిగా లేచిన బరువుతోనే అదే విమానం ఆ మధ్యాహ్నం రన్‌వే చివరిదాకా ఈడ్చుకుంటూ పోతుంది. కాబట్టి "మొన్న ఇంతమందిమి వెళ్లాం కదా సార్" అనే వాదన నా దగ్గర చెల్లదు.

అపోహ: మొత్తం బరువు లిమిట్‌లో ఉంటే సామాను ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: కాదు. బరువు ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. విమానం బరువంతా తూగే బిందువు గరిమనాభి, మా భాషలో సి.జి. అది ముందూ వెనకా రెండు హద్దుల మధ్యే ఉండాలి. ముందుకు జరిగితే ముక్కు లేవదు, పైలట్‌కు వెంటనే తెలుస్తుంది. వెనక్కి జరిగితేనే మోసం. కంట్రోల్స్ తేలిగ్గా, బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి. ముక్కు దానంతటదే పైకి పోతుంది. స్టాల్ నుంచి బయటపడాలంటే ముక్కు దించాలి, అప్పుడు దించడానికి ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) బలం చాలదు.

2013 జూలై 7న అలాస్కాలోని సోల్డోట్నాలో ఒక ఆటర్ విమానం టేకాఫ్ అవుతూనే కూలి పదిమందీ చనిపోయారు. సామాను తూచలేదు. కాగితం మీద రాసినదానికన్నా 400 పౌండ్లకు పైగా ఎక్కువుందనీ, సి.జి. వెనక హద్దును దాటిపోయిందనీ దర్యాప్తులో తేలింది. 2001 ఆగస్టు 25న బహామాస్‌లో గాయని ఆలియాతో సహా తొమ్మిదిమంది మరణించిన సెస్నా 402 ప్రమాదంలోనూ ఈ రెండూ కలిశాయి: దాదాపు 320 కిలోల అదనపు బరువు, వెనక్కి జరిగిన సి.జి.

అపోహ: పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఎలాగూ తేలికవుతుంది.

వాస్తవం: అవుతుంది. గంట తర్వాత. టేకాఫ్ ఇప్పుడు కదా.

అపోహ: మనిషిని చూస్తే బరువు తెలిసిపోతుంది, సగటు లెక్క చాలు.

వాస్తవం: 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో 19 సీట్ల బీచ్‌క్రాఫ్ట్ 1900 కూలి 21 మంది పోయారు. మెయింటెనెన్స్‌లో ఎలివేటర్ కేబుల్ సరిగా బిగించక ముక్కు దించే శక్తి తగ్గిపోయింది. అదే లోపంతో అంతకుముందు కొన్ని ట్రిప్పులు ఏమీ కాకుండా తిరిగింది. ఆ రోజు నిండుగా ఎక్కించారు. సగటు బరువులతో వేసిన లెక్క ప్రకారం అంతా లిమిట్‌లోనే ఉంది, అసలు బరువు మాత్రం దాటింది, సి.జి. కూడా వెనక్కి పోయింది. ఆ తర్వాతే అమెరికా ఏవియేషన్ శాఖ ప్రయాణికుల సగటు బరువు అంకెలను పెంచింది.

నాలుగు సీట్ల విమానంలో సగటు అసలే పనికిరాదు. అందుకే బరువు, సి.జి. లెక్కలు వేసే లోడ్ అండ్ ట్రిమ్ షీట్ రాసే ముందు మనిషిని బూట్లతో, బ్యాగుతో, జేబులో ఫోనుతో సహా తూకం మిషన్ ఎక్కిస్తాను. అడిగితే మాత్రం చాలామంది ఓ ఐదు కిలోలు తగ్గించే చెబుతారు.