కవరు మీద ఒక పేరు, ఉత్తరంలో ఇంకో పేరు

పోయిన జూన్‌లో డల్లాస్ నుంచి ఒక ఆంటీ ఫోన్ చేసి "మన మిద్దెతోట గ్రూప్ ఆపేశారా బాబూ, వారమైంది ఒక్క మెయిల్ కూడా రాలేదు" అన్నారు. ఆపడమా, అప్పుడే మృగశిర కార్తె వచ్చింది, బీర విత్తనాలు ఎవరి దగ్గరున్నాయి, ఆనపకి ఎంత పెద్ద కుండీ కావాలి అంటూ రోజంతా మెయిల్స్ తిరుగుతూనే ఉన్నాయి. స్పామ్ ఫోల్డర్ చూడమన్నా, అక్కడా లేవన్నారు. గ్రూప్ మెయిల్స్ పంపే మా సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే ఆవిడతో కలిపి పదకొండు మందికి డెలివరీ ఆగిపోయి ఉంది, విచిత్రం ఏంటంటే ఆ పదకొండు మందిలో ఒక్కరు కూడా ఈ మధ్య గ్రూప్‌కి ఏమీ రాయలేదు. ఏ తప్పూ చేయనివాళ్ళకే ఎందుకు ఆగింది అన్న ప్రశ్న పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నా, చివరికి దొరికింది మాత్రం చాలా పాత కథ.

ముందు ఒక మాట చెప్పాలి. మెయిల్ "పోయింది" అంటాం గానీ ఊరికే మాయమైపోవడం తక్కువ, చాలాసార్లు అవతలి సర్వర్ ఎందుకు వద్దంటోందో మూడంకెల కోడ్‌తో చెప్పే వెనక్కి పంపుతుంది, మనమే ఆ బౌన్స్ మెయిల్‌ని చదవకుండా డిలీట్ చేసేస్తాం. కోడ్‌లో మొదటి అంకె 2 అయితే తీసుకున్నట్టు. 4 అయితే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని, అప్పుడు పంపే సర్వర్ ఆ మెయిల్‌ని క్యూలో పెట్టుకుని మామూలుగా నాలుగైదు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. కొన్ని సర్వర్లు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదటిసారి కావాలనే 4తో తిప్పి పంపిస్తాయి, ఎందుకంటే అసలైన సర్వర్ అయితే మళ్ళీ వస్తుంది, స్పామ్ చల్లేవాళ్ళు చాలామంది తిరిగి రారు. ఒక్కోసారి మెయిల్ పావుగంటో అరగంటో లేటుగా రావడానికి ఇదీ ఒక కారణం. 5 అయితే "వద్దు, ఇంక రావద్దు" అని. దాని పక్కనే చుక్కలతో ఇంకో కోడ్ ఉంటుంది, 5.1.1 అంటే ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు, 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 5.7తో మొదలైతే మాత్రం అది సెక్యూరిటీ గొడవ. మా సర్వర్ జరిగిందంతా రాసుకునే లాగ్‌లో ఆ పదకొండు మందికీ ఉన్నది 550 5.7.1. అంటే అడ్రస్ కరెక్టే, బాక్స్‌లో చోటూ ఉంది, కానీ పంపినవాళ్ళ మీద నమ్మకం లేదు.

ఈ నమ్మకం సంగతి అర్థం కావాలంటే రెండు సర్వర్లు ఎలా మాట్లాడుకుంటాయో ఒకసారి దగ్గరగా చూడాలి. పంపే సర్వర్ 25వ నంబర్ పోర్ట్ తలుపు కొడుతుంది, అవతలిది 220 అని పలకరిస్తుంది. ఇది హెలో చెప్పి, "మెయిల్ ఫ్రమ్ ఫలానా" అంటుంది, అది 250 అంటుంది. "ఎవరికి" అన్నది చెప్తుంది, మళ్ళీ 250. "డేటా" అంటుంది, అది 354, అంటే కానివ్వు అని. అప్పుడు ఉత్తరం మొత్తం చదివి, చివర్లో ఒక లైన్‌లో ఒంటరిగా ఒక్క చుక్క పెడితే ఉత్తరం అయిపోయినట్టు. అంతే, ఈ రోజుకీ ఇదే సంభాషణ నడుస్తోంది, దీన్ని ఇంటర్నెట్ తొలి ఇంజనీర్లలో ఒకడైన జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసి పెట్టాడు.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే "ఫ్రమ్" రెండుసార్లు వస్తుంది. మొదట చెప్పింది కవరు మీద పేరు, బౌన్స్ అయితే తిరిగి వెళ్ళేది ఆ అడ్రస్‌కే. డేటా లోపల ఇంకో ఫ్రమ్ ఉంటుంది, అది ఉత్తరంలో పైన రాసుకునే పేరు, మనకి ఫోన్‌లో కనపడేది అదొక్కటే. ఈ రెండూ ఒకటే అవ్వాలని రూల్ లేదు, రెండిట్లో ఏది నిజమో చూసేవాళ్ళూ అప్పట్లో లేరు. నెట్‌వర్క్ మొత్తం కలిపి కొన్ని వందల కంప్యూటర్లున్న రోజుల్లో దాని అవసరం రాలేదు.

తర్వాత స్పామ్ ముంచెత్తాక కాపలాలు ఒకటొకటిగా వచ్చాయి. మొదటిది ఎస్‌పీఎఫ్, ఇది గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండే లిస్టు లాంటిది, మా డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండేది) పేరుతో మెయిల్ తెచ్చేది ఈ ఈ ఐపీ అడ్రస్‌లే (సర్వర్ల నంబర్లే) అని డొమైన్ ఓనర్ డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల పబ్లిక్ డైరెక్టరీలో, రాసిపెడతాడు. కానీ ఇది చూసేది కవరు మీద పేరునే. రెండోది డీకిమ్, ఇది లక్క ముద్ర. పంపే సర్వర్ ఉత్తరం ఒంటిని, సబ్జెక్ట్ లాంటి ముఖ్యమైన హెడర్లని (ఉత్తరం పైన ఉండే వివరాల లైన్లని) హ్యాష్ చేసి, అంటే వేలిముద్ర లాంటి చిన్న విలువగా మార్చి, తన రహస్య కీతో సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ డీఎన్‌ఎస్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. ఈ హ్యాష్ ఎంత సున్నితమంటే ఉత్తరంలో ఒక్క కామా ఎక్కువ పడినా మొత్తం విలువ మారిపోతుంది, ముద్ర పగిలినట్టే. మూడోది డీమార్క్, 2012లో బయటికొచ్చింది, మన కంటికి కనపడే ఫ్రమ్‌ని పట్టించుకునేది ఇదే. ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ కనీసం ఒకటి పాస్ అవ్వాలి, అదీ ఆ కనపడే డొమైన్ పేరు మీదే పాస్ అవ్వాలి, రెండూ కాకపోతే ఏం చేయాలో డొమైన్ ఓనరే చెప్తాడు: వదిలేయ్, పక్కన పెట్టు, లేదా రిజెక్ట్ చెయ్.

2014 ఏప్రిల్‌లో యాహూ తమ డొమైన్‌కి "రిజెక్ట్" అని పెట్టింది, అదే నెలలో ఇంకో అమెరికన్ మెయిల్ కంపెనీ ఏఓఎల్ కూడా పెట్టింది. తమ యూజర్ల పేర్లతో దొంగ మెయిల్స్ వెల్లువెత్తుతుంటే చేసిన పని అది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ఒక్క మార్పుతో ప్రపంచం నిండా ఉన్న గ్రూప్ మెయిల్స్ అల్లాడిపోయాయి, మాకు ఇప్పుడు జరిగింది సరిగ్గా అదే.

మా గ్రూప్‌లో నల్లకుంటలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, ఆయన మెయిల్ సర్వీస్ ఈ మధ్యే "రిజెక్ట్" పాలసీకి మారింది. ఆయన మెయిల్ మా సర్వర్‌కి వస్తుంది, మా సర్వర్ సబ్జెక్ట్ ముందు "మిద్దెతోట" అని తగిలించి, కింద గ్రూప్ వివరాలు రెండు లైన్లు అతికించి అందరికీ పంపుతుంది. కవరు మీద పేరు ఇప్పుడు మాది, ఎస్‌పీఎఫ్ మా పేరు మీద పాస్ అయింది గానీ కనపడే ఫ్రమ్ మాస్టారిది, కాబట్టి లెక్కలోకి రాదు. సబ్జెక్ట్ మార్చాం, ఒంటికి రెండు లైన్లు కలిపాం, కాబట్టి మాస్టారి డీకిమ్ ముద్ర పగిలింది. డీమార్క్ ఫెయిల్. గట్టిగా చెక్ చేసే సర్వర్లన్నీ 550 అన్నాయి.

అయితే మరి శిక్ష మాస్టారికి కాకుండా ఆంటీకి ఎందుకు పడింది? గ్రూప్ నడిపే సాఫ్ట్‌వేర్ దృష్టిలో బౌన్స్ అంటే అందుకునేవాళ్ళ అడ్రస్ పాడైందని. మా దాంట్లో బౌన్స్ వచ్చిన ప్రతి రోజుకీ ఆ మెంబర్‌కి ఒక పాయింట్ పడుతుంది, అయిదు అయితే డెలివరీ ఆగుతుంది, వారం పాటు కొత్త బౌన్స్ లేకపోతే పాత లెక్క చెల్లదు. మాస్టారు మామూలుగా నెలకో మెయిల్ రాస్తారు, అందుకే వేసవంతా ఏమీ బయటపడలేదు. మృగశిర రాగానే ఆయన పందిరి ఎలా కట్టాలో, మట్టి ఎలా కలపాలో రోజూ రాయడం మొదలుపెట్టారు. వరసగా అయిదు రోజులు, అయిదు పాయింట్లు, పదకొండు మంది బయటికి. ఈ లెక్క కాగితం మీద సరిపోయినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దీనికి దారులు రెండు. ఉత్తరాన్ని అసలు ముట్టుకోకుండా పంపడం ఒకటి, అప్పుడు ముద్ర పగలదు. అది చేసి చూశాం, సబ్జెక్ట్‌లో గ్రూప్ పేరు లేకపోతే పెద్దవాళ్ళు గుర్తుపట్టలేకపోయారు. అందుకని రెండోది, "రిజెక్ట్" పాలసీ ఉన్న డొమైన్ల నుంచి వచ్చిన మెయిల్స్‌కి మాత్రం ఫ్రమ్‌లో మా గ్రూప్ అడ్రస్ పెట్టి, పక్కన మాస్టారి పేరు ఉంచి, మా సర్వర్ సంతకం వేసి పంపుతున్నాం. 2019లో ఏఆర్‌సీ అని ఇంకోటి వచ్చింది, మధ్యలో ఉన్న సర్వర్ "నా దగ్గరికి వచ్చినప్పుడు ముద్ర బాగానే ఉంది" అని సాక్ష్యం రాసి పంపుతుంది, కానీ ఆ సాక్షిని నమ్మాలా లేదా అన్నది అవతలి సర్వర్ ఇష్టం, మా లాంటి చిన్న సర్వర్ దాని మీదే ఆధారపడలేదు.

పదకొండు మంది పాయింట్లూ సున్నా చేసి, మాస్టారిని ఒక మెయిల్ రాయమన్నా. ఆంటీ అటువైపు దాన్ని ఓపెన్ చేసి, ఒరిజినల్ చూపించు అనే ఆప్షన్ నొక్కి ఫోన్‌లో నాకు చదివి వినిపించారు, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్, మూడిటి పక్కనా మా డొమైన్ పేరే. ఆ వెంటనే ఆవిడ మాస్టారికి విడిగా రాద్దామని రిప్లై కొడితే అది గ్రూప్ మొత్తానికి వెళ్ళింది, ఎందుకంటే ఫ్రమ్‌లో ఇప్పుడు ఉన్నది మా అడ్రస్ కదా. ఆ రాత్రే రిప్లై-టు హెడర్‌లో అసలు రాసినవాళ్ళ అడ్రస్ పెట్టేలా సెట్టింగ్ మార్చా.