బాత్రూం ప్యానెళ్ళు, టవల్ హుక్కులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాత్రూం ఫిట్టింగ్ పనులు చేస్తుంటాను. ఈమధ్య చాలామంది డ్రిల్లింగ్ మెషిన్ కొనుక్కుని ప్యానెళ్ళు, హుక్కులు సొంతంగానే బిగించుకుంటున్నారు. నాకు సంతోషమే, ఇంట్లోవాళ్ళు చేసుకోగలిగిన పనే అది. కానీ గోడలో ఏముందో చూసుకోకుండా మొదలుపెట్టి టైల్స్, పైపులు పాడుచేసుకుంటున్నారు. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: గోడకి చెమ్మ పట్టి పెయింట్ పెచ్చులూడుతోంది, పైన పీవీసీ ప్యానెల్ వేసేస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్యానెల్ వేస్తే చెమ్మ కనపడకుండా పోతుందంతే. లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. వెనక బూజు పడుతుంది, ఫ్రేముకి వాడిన చెక్క కుళ్ళుతుంది. వాసన వచ్చేదాకా మనకి తెలియదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ కవరు ముక్కని నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. నీటి బొట్లు కవరు వెనక, అంటే గోడవైపు పడితే నీళ్ళు గోడలోంచే వస్తున్నట్టు. బయటివైపు పడితే అది స్నానం ఆవిరి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి చూసుకోవాలి. గోడలోంచే అయితే పై ఫ్లాటు సంకెన్ స్లాబ్ (పైపుల కోసం బాత్రూం కింద దించి కట్టిన స్లాబ్), నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ కింద ఉండే గిన్నె) చుట్టూ జాయింటు, గోడలోని పైపు, ఈ మూడింటి మీద నా మొదటి అనుమానం. అది బాగుచేయించి, గోడ పూర్తిగా ఆరాకే ప్యానెల్ మాట.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే ఎక్కడైనా బిగించుకోవచ్చు.

వాస్తవం: పీవీసీ నీళ్ళకి పాడవదు, నిజమే. కానీ జాయింట్లలోంచి, కింది అంచులోంచి నీళ్ళు వెనక్కి పోతాయి. కింద కొంచెం సందు వదిలి ఆ సందును, మూలల్ని శానిటరీ సిలికాన్‌తో మూసేయాలి. ఇంకో సంగతి, పీవీసీ వేడికి మెత్తబడి వంకర పోతుంది. గ్యాస్ గీజర్ పొగ బయటికొచ్చే చోటికి దగ్గరగా వేయకూడదు. అసలు గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉంటే ప్యానెల్ సంగతి తర్వాత, ముందు దాన్ని బయటికి మార్పించండి. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణం పోతుంది.

ప్లైవుడ్ వాడేవాళ్ళు ముద్ర చూసి కొనండి. ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ (కొద్దిపాటి తేమకే తట్టుకునేది) పొడి గదులకి. బాత్రూంకి ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లైవుడ్ కావాలి. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన బోర్డు) అసలొద్దు, నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది.

అపోహ: టైలుకి చిల్లు పెడితే పగలడం ఖాయం.

వాస్తవం: పగిలేది చాలావరకు తొందరవల్ల. ముందు టైలుని వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే వెనక సిమెంటు లేదు, ఆ టైలు వదిలేయండి. గట్టి టైలు మీద మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టండి, బిట్ జారదు. అంచుకి మరీ దగ్గరగా వద్దు. డ్రిల్లింగ్ మెషిన్‌లో హ్యామర్ మోడ్ (కొడుతూ తిరిగేది) ఆపేసి, తక్కువ వేగంతో, బల్లెం మొనలాంటి టైల్ బిట్‌తో మొదలుపెట్టండి. వాల్ టైల్ అయితే దానికి లొంగుతుంది. బాగా గట్టిగా ఉండే విట్రిఫైడ్ టైలుకి మాత్రం డైమండ్ బిట్ కావాలి, మధ్యమధ్యలో ఆపి తడిగుడ్డతో చల్లబరచాలి. టైలు దాటగానే మెషిన్ చప్పుడు మారుతుంది, పొడి రంగు మారుతుంది. అక్కడ ఆగి మామూలు కాంక్రీట్ బిట్ వేసుకోండి.

ఇక రావల్ ప్లగ్, అంటే స్క్రూ పట్టుకోవడానికి చిల్లులో పెట్టే ప్లాస్టిక్ గొట్టం. టైలు, వెనక సిమెంటు కలిపి అంగుళం దాకా ఉండొచ్చు, కాబట్టి చిల్లు గోడలోకి దిగాలి. పొట్టి ప్లగ్ టైలు మందంలోనే ఆగిపోతే స్క్రూ బిగిసేకొద్దీ విచ్చుకుని టైలుని చీల్చేస్తుంది. నేను 2 అంగుళాల స్క్రూ వాడి, ప్లగ్‌ని సుత్తితో మెల్లగా టైలు లోపలికి దాటిస్తాను. స్క్రూ వేసే ముందు చిల్లులో కాస్త సిలికాన్ పెడితే నీళ్ళు లోపలికి దిగవు. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావరకు గోడలు ఏఏసీ ఇటుకలవి, అంటే లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు దిమ్మెలవి. పొడి తెల్లగా, మెత్తగా రాలితే అదే. అక్కడ హ్యామర్ మోడ్ ముట్టుకోకండి. మామూలు ప్లగ్ అందులో వదులైపోతుంది, ఏఏసీ కోసం చేసిన ప్లగ్ అడిగి తెచ్చుకోండి.

అపోహ: పైపులు ఎక్కడున్నాయో డిటెక్టర్ చెప్పేస్తుంది.

వాస్తవం: చవకగా దొరికేవి లోహాన్ని, కరెంటు వైర్లని పసిగడతాయి. మన బాత్రూంలలో గోడలో ఉండేవి ఎక్కువగా సీపీవీసీ పైపులు, అంటే ప్లాస్టిక్. కుళాయి, డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించేది), షవర్, గీజర్ పాయింట్లకి నిట్టనిలువుగా, అడ్డంగా గీత గీసినట్టు ఊహించుకుని ఆ దారులన్నీ వదిలేయండి. గీజర్ స్విచ్ చుట్టుపక్కలా అంతే. చిల్లు పెట్టే ముందు ఆ బాత్రూం ఎంసీబీ (కరెంటు బోర్డులోని స్విచ్) దించండి. కొత్తగా కట్టుకునేవాళ్ళు టైల్స్ వేయకముందే కొలత టేపు ఆనించి ప్రతి గోడా ఫొటో తీసి పెట్టుకోండి. ఏ మేస్త్రీ జ్ఞాపకమూ ఆ ఫొటోకి సాటి రాదు.

అపోహ: హుక్కుకి అయస్కాంతం అంటుకోకపోతే అది 304 గ్రేడు (త్వరగా తుప్పు పట్టని) స్టీలే.

వాస్తవం: 202 గ్రేడుకీ అయస్కాంతం అంటుకోదు. అది చవక, తుప్పు త్వరగా పడుతుంది. గ్రేడు ముద్ర, బిల్లు చూసి కొనండి. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో 316 గ్రేడు దొరికితే ఇంకా మంచిది.

అపోహ: అంటించే హుక్కులు పనికిరావు.

వాస్తవం: నున్నటి టైలు మీద, జిడ్డు తుడిచి, ఆరాక అంటించి, ఒక రోజు బరువు వేయకుండా వదిలితే ఒక టవల్‌ని బాగానే మోస్తాయి. పుట్టీ, పెయింట్ గోడ మీద మాత్రం నిలవవు.

అపోహ: టవల్ రాడ్ ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకి పట్టుకోవడానికి కూడా పనికొస్తుంది.

వాస్తవం: దయచేసి ఇలా అనుకోకండి. రాడ్‌ని బిగించేది తడి టవల్ బరువుకి. కాలు జారిన మనిషి ఒక్కసారిగా దాన్ని పట్టుకుంటే ప్లగ్‌తో సహా ఊడివస్తుంది. అమ్మానాన్నలు ఉన్న ఇంట్లో కమోడ్ పక్కన, షవర్ దగ్గర విడిగా గ్రాబ్ బార్ (మనిషి బరువు మోసే పట్టుకునే కడ్డీ) పెట్టించండి. ఎర్ర ఇటుక లేదా కాంక్రీట్ గోడ అయితే పొడుగు యాంకర్లతో పట్టు దొరుకుతుంది. ఏఏసీ గోడ అయితే ఆ ఒక్క పనీ సొంతంగా చేయకుండా తెలిసినవాళ్ళని పిలవండి. బిగించాక పెద్దవాళ్ళకి అప్పగించే ముందు మీరే మీ బరువంతా వేసి లాగి చూడండి.